మగ్గం గుంతలో కారు

"అక్కా, గుంత పూడుస్తాండాము. సూడాల్నంటే వచ్చి సూసి పో" అని మా తమ్ముడు మల్లి ఫోన్ చేసినాడు. ఎమ్మిగనూరులో మా యింటికి ఆనుకొని ఉండే మగ్గం కొట్టాన్ని వాడు ఇప్పుడు మంచి గదిగా మార్చుకుంటున్నాడు. నేల మీద గ్రానైటు పరిపిస్తాడంట. "గుంతలో ఏముందిరా సూసేదానికి?" అని కసిరి ఫోన్ పెట్టేసినాను గానీ, మరుసటి పొద్దున్నే కర్నూలులో బస్సెక్కినాను. మోకాళ్ళ నొప్పులతో మూలిగే ముసలిది ఒక గుంతను చూసేదానికి బస్సెక్కిందంటే నవ్వుతారు. నవ్వండి. గోనెగండ్ల దాటేవరకు నాకూ నవ్వొచ్చింది. ఎమ్మిగనూరులో దిగి, కొట్టంలోకి పోయి, ఆ గుంత అంచు బండ మీద ఇంకా పోకుండా ఉన్న నల్లటి మరకను చూసినాక నవ్వు రాలేదు. మేస్త్రీ దాన్ని గంజి మరక అనుకున్నాడు. గంజి అంత నల్లగా ఎందుకుంటుందప్పా? అది గ్రీజు.

చేనేత ఇండ్లు ఎరగని వాళ్ళ కోసం చెప్తున్నాను. మగ్గం ముందర నేలలో ఒక గుంత ఉంటుంది. నేసే మనిషి గుంత అంచున కూర్చొని, కాళ్ళు లోపలికి దించి, అడుగునున్న తొక్కుడు పలకల్ని తొక్కుతాడు. మా నాయన ఈరన్న ఆ గుంతలోకి దిగే ముందు అంచును ముట్టి కండ్లకద్దుకునేవాడు. చెప్పులతో ఆ చుట్టుపక్కలకు పోయినా మా అవ్వ కట్టె తీసుకొనేది. మా అమ్మ శంకరమ్మ వాకిట్లో రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. పేక నూలును చిన్న కదురు మీద చుట్టి, పడుగు మధ్యలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టేదానికి ఇచ్చే పని అది. మా వీధిలో ఎవరి కండె ఎవరు చుట్టినారో ఆడోళ్ళు చూస్తానే చెప్పేవాళ్ళు. మా అమ్మ చుట్టు గట్టిది. గోరు పెట్టి నొక్కినా దిగేది కాదు. "శంకరమ్మ చుట్టిందంటే నాడె ఆగే పని లేదు" అనేవాళ్ళు. పొద్దున గంజి ఉడికే పుల్లటి వాసన, మధ్యాహ్నం జొన్నరొట్టె కాలే వాసన, ఆ రెంటి మధ్యలో పేకను బిగించే చేతి పలకను నాయన బాదే చప్పుడు. నా చిన్నతనమంతా ఆ చప్పుడులోనే గడిచింది, చప్పుడు ఆగినప్పుడే మేము తలెత్తి చూసేవాళ్ళం.

అది నిజంగానే ఆగిపోయింది. మరమగ్గం గుడ్డలు సంతకొచ్చినాక నాయన నేసిన చీరలు అడిగేవాళ్ళు తగ్గిపోయినారు. నాయన చానా దినాలు మొండికేసినాడు. ఆఖరికి మగ్గాన్ని విప్పి, కొయ్యల్ని గోడకు ఆనించి, ఆదోనిలో ఉండే తన స్నేహితుడు మహబూబ్ మామతో కలిసి ఒక పాత అంబాసిడరు కొన్నాడు. మహబూబ్ మామ వాళ్ళది పాతకాలం నుంచి పత్తి మిల్లుల కాడ లారీలు తోలే కుటుంబం. ఆయన తోలేది, నాయన బండి బాగోగులు చూసుకునేది. ఆదోని స్టేషన్‌లో రైలు దిగిన భక్తుల్ని మంత్రాలయం తీసుకుపోయి తెచ్చేది. అదీ ఒప్పందం. బండిని యాడ పెట్టేది అని ఆలోచించి, నాయన కొట్టానికి వీధి వైపున్న గోడను పడగొట్టి రేకుల తలుపు పెట్టించినాడు. ముందు చక్రాలు రెండూ గుంతకు అటొకటి ఇటొకటి వచ్చేట్లు బండిని లోపలికి తోలుకొచ్చినారు. గుంతను కొంచెం వెడల్పు చేసినాడు. దాంట్లోకి దిగి నిలబడితే బండి అడుగు చేతికి అందేది. ఆదోనిలో మెకానిక్కుల దగ్గర గూడ అంత మంచి గుంత లేదని మహబూబ్ మామ మురిసిపోయినాడు. మా అవ్వ మాత్రం ఆ పొద్దంతా అన్నం ముట్టలేదు. "సాలోళ్ళ గుంతలో సమురు పోస్తాండావు. నీ ఇష్టమప్పా" అని గోడ వైపు తిరిగి పడుకునింది.

మహబూబ్ మామ అంటే మాకు పండగే. పొడుగ్గా, నవ్వుమొగంతో, నోట్లో ఎప్పుడూ సోంపు నములుకుంటా వచ్చేవాడు. అమ్మను "వదినా" అనేవాడు. మేము ఆదోని పోతే ఆయన భార్య ఖైరూన్ చిన్నమ్మ గడపలోనే కనిపెట్టుకొని ఉండేది. ఆ యింట్లో ఒక పద్ధతి ఉండేది. చాయ్ తాగకముందు ఎవరూ సంగతులు మొదలుపెట్టగూడదు. కబురు మంచిదైనా చెడ్డదైనా సరే. "మొదులు చాయ్, మల్ల మాట" అని చిన్నమ్మ గ్లాసు చేతిలో పెట్టేది. పాలు బాగా మరగబెట్టి, ఏలకులు దంచేసి, పండ్లు జివ్వుమనేంత చక్కెర పోసి. ఒకసారి ఎవరో అప్పుల మనిషి కొట్లాటకు వస్తే ఆయనకు గూడ చాయ్ ఇచ్చిందంట, ఆయన గ్లాసు పట్టుకొని ఎట్లా తిట్టాల్నో తెలీక దిగాలుగా కూర్చున్నాడంట. మహబూబ్ మామ ఆ కత చెప్పి పడీపడీ నవ్వేవాడు.

నాయన బండిని మగ్గాన్ని చూసుకున్నట్లే చూసుకున్నాడు. శుక్రవారం దానికి ఊదుబత్తి ముట్టించేవాడు. తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేవాడు. చెవి పెట్టి వినేవాడు. కానీ నేత పనివాని చెవి నేత పనివానిదే, ఇనుము మాట దానికి తెలీదు. ఆ యేడు శ్రావణం రాకముందే బండి ముందు వైపు నుంచి టకటక చప్పుడు మొదలయింది. గుంతలు పడిన రోడ్డులో స్టీరింగు చేతిలో నిలవడం లేదని మహబూబ్ మామ చెప్పినాడు. నాయన గుంతలోకి దిగి చూసినాడు. ముందు చక్రాన్ని నిలబెట్టే లావుపాటి ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది, కింగ్‌పిన్ అంటారు. దాని అడుగున మర ఉంటుంది. ఆ మర ఇంకో ఇనుప ముక్కలో కూర్చొని, చక్రం అటూ ఇటూ తిరిగినప్పుడల్లా దాంట్లో తిరుగుతుంది. ఎడమ వైపు దాని మర అరిగి, పండ్లూడిన నోరు మాదిరిగా అయిపోయింది. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని ఊపితే లటలట ఊగింది.

కొత్తవి ఆదోని అంగట్లో లేవు. బళ్ళారి నుంచి తెప్పిస్తానని అంగడాయన చెప్పినాడు. అంతలో మంత్రాలయంలో ఆరాధన వచ్చేసింది. ఆ దినాల్లో తోలేదానితోనే రెండిండ్లూ మిగతా యేడంతా నడవాల. బండిని కొట్టంలో నిలబెట్టి కూర్చుంటే ఎట్లా అని ఇద్దరూ గుంత అంచున కూర్చొని చానాసేపు గింజుకున్నారు. అప్పుడు నాయనకు ఆ ఆలోచన వచ్చింది. అది ఒక్క మా ఇండ్లల్లో పుట్టినోనికే వచ్చే ఆలోచన. గంజి పట్టిన పడుగు నూలును పేనుకొని, ఆముదంలో నానబెట్టి, అరిగిన మర సందుల్లో బిగించి చుడితే వదులు పోతుంది గదా అన్నాడు.

"ఇనుము మద్దెన నూలు తట్టుకుంటాదా?" అని అమ్మ అడిగింది.

"పలకతో పొద్దస్తమానం బాదుతాము గదే దాన్ని? తెగుతాందా? బిగువుగా ఉండి, సమురు తగిలితే నూలుకు సావు లేదు" అన్నాడు నాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొగంలో కనిపించిన గర్వం నాకు ఇప్పటికీ కండ్ల ముందర ఉంది. మగ్గం పోయినాక మొదటిసారి ఆయనకు తన విద్యతో పని పడింది.

చుట్టింది అమ్మ. ఆ యింట్లో చుట్టే పని ఇంకెవరిది? కడ్డీని ఒడిలో పెట్టుకొని, మర గాడి గాడికీ నూలు దించి, చిటికెన వేలితో ఒత్తుకుంటా, కండెను చుట్టినంత శ్రద్ధగా చుట్టింది. నాయన దాన్ని మళ్ళీ బిగించి, చక్రం తొడిగినాడు. మహబూబ్ మామ వచ్చి చక్రాన్ని పట్టుకొని ఊపినాడు. కదల్లేదు. మళ్ళీ బలంగా ఊపినాడు. ఊహూ. "అరె వా! వదినా, మంత్రాలయం స్వామి దగ్గరికి జనం పోయేది నా బండి మీద గాదు, నీ నూలు మీద!" అని కేకేసినాడు. అమ్మ సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకునింది. నేను గూడ చప్పట్లు కొట్టినాను. మా అందరికీ అంత సంతోషంగా ఉన్న దినం ఆ యింట్లో మళ్ళీ రాలేదు.

వదులు పోలేదు, వదులు కనపడకుండా పోయింది. అది అప్పుడు ఎవరికీ తట్టలేదు. నూలు నిండిన సందులోకి గ్రీజు పోదు. గ్రీజు పోని చోట ఇనుము ఇనుమును తింటుంది. ఆరాధన అయిపోయేవరకు బండి బాగానే తిరిగింది. ఆఖరి భక్తుల్ని మంత్రాలయంలో దింపి, ఖాళీ బండితో వస్తున్నాడు మహబూబ్ మామ. ఎండ ఇంకా తగ్గలేదంట. వాగు మీది కల్వర్టు దగ్గర ఎడమ చక్రం ఊడొచ్చి బండి కిందికి మడుచుకొనిపోయింది. బండి గోడను గుద్దుకొని వాగులోకి ఒరిగింది. పొలాల్లో కలుపు తీస్తున్న ఆడోళ్ళు పరుగెత్తుకొచ్చేసరికే ఆయన లేడు. బండిలో ఇంకెవరూ లేకపోవడం ఒక్కటే ఆ పొద్దు దేవుడు చూపిన దయ అని అందరూ అన్నారు. నాకు ఆ దయ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

నాయన ఆదోని పోయి జనాజాకు భుజం పట్టినాడు. అమ్మ లోపల ఆడోళ్ళ మధ్య ఖైరూన్ చిన్నమ్మను పట్టుకొని ఏడ్చింది. బండిని లారీకి కట్టి లాక్కొచ్చి మా కొట్టంలో పడేసినారు. పాత బండి, ఖర్మ అన్నారు ఊర్లో. "గుంతలో సమురు పోసినందుకే" అనింది అవ్వ. నాయన గుంతలోకి దిగి, ఊడిపోయిన కడ్డీని పైకి తీసి అంచు మీద పెట్టినాడు. మర పూర్తిగా నున్నగా అరిగిపోయింది. ఒక మూలలో మాత్రం నల్లగా కాలిన నూలు పీచు అతుక్కొని ఉంది. అమ్మ దాన్ని చూసింది. తీసుకొని వేళ్ళ మధ్యలో నలిపింది. లేచి పోయి బావి దగ్గర బూడిదతో చేతులు తోముకుంటానే ఉండిపోయింది. నేను పోయి చెయ్యి పట్టుకొని లాక్కొచ్చేదాకా రాలేదు.

"ఖైరూన్‌కు సెప్దాం" అనింది అమ్మ ఒక పొద్దు, రొట్టె తట్టుతా.

"సెప్తే ఆయన లేసొస్తాడా?"

"లెయ్యడు. మనం మనుసులమేనా, సెప్పకుండా?"

నాయన, "సెప్తే ఆ యింటోళ్ళు ఈ బండిని ముట్టరే. పిలకాయలు ఏం తినాల? వాళ్ళకు ఉండేది ఇదొక్కటే" అన్నాడు. ఖైరూన్ చిన్నమ్మ తమ్ముడు బాషా అప్పటికే కబురు పంపినాడు, బండి బాగైతే తాను తోలుకుంటానని. నాయన తన వాటా గూడ వాళ్ళకే వదిలేసినాడు. అమ్మ ఇంకో పిండి ముద్ద తీసుకొని రొట్టె తట్టింది. అది ఒప్పుకోవడం మాత్రం గాదు.

బళ్ళారి సామాను మహబూబ్ మామ పోయినాక వచ్చింది. అంగడాయన గోనెసంచిలో కట్టి పంపించినాడు. కొత్త కింగ్‌పిన్నులు, వాటి కింద కూర్చునే, మరలు కోసిన ఇనుప ముక్కలు, రబ్బరు బుష్షులు. మెరుస్తున్నాయి. సొట్టలు పడిన బండి రేకులు సరిచేసేదానికి మనుషుల్ని పిలిచినాడు గానీ, ముందు చక్రాల పని మాత్రం నాయన ఎవరినీ ముట్టనియ్యలేదు. ఆయన ఆ పని చేసిన తీరు నేను చెప్పాల. విప్పిన మగ్గం దూలాల్ని గోడ దగ్గర నుంచి తెచ్చి, బండి కింద పేర్చి, దాని బరువంతా వాటి మీద దించినాడు. అవ్వ చూస్తానే ఉంది. చక్రాలు తీసి, నట్లన్నీ కిరసనాయిల్లో కడిగి, పాత చీర మీద వరసగా పెట్టుకున్నాడు. ఎడమవి ఒక చీర, కుడివి ఒక చీర. రెండు పక్కల మరలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి, కలిసిపోతే మళ్ళీ ప్రమాదమే. పాత బుష్షుల్ని కొట్టి పీకినాడు. కొత్త మరను చేత్తోనే తిప్పుకుంటా ఎక్కించినాడు, యాడన్నా పట్టేసినట్లుంటే వెనక్కి తిప్పి, తుడిచి, మళ్ళీ మొదలు. గ్రీజు కొట్టి, అది నాలుగు పక్కలా బయటికి పొంగేవరకు చూసినాడు. నట్టు ఊడకుండా పట్టే కాటర్ పిన్ను వంచినాక వేలితో తడిమి, కాసేపటికి మళ్ళీ తడిమేవాడు. గుంతలో నిలబడి ఆయన ఏడుస్తున్నాడో, చెమటనో నాకు తెలిసేది కాదు. ఒక పొద్దు మాత్రం స్పష్టంగా వినపడింది. "మహబూబూ, సరిగ్గుందేమో సూడప్పా" అన్నాడు, చక్రం వైపు తిరిగి.

అంతా అయినాక ఆదోని నుంచి మెకానిక్కు వచ్చి చూసి, బాగుందన్నాడు. అయినా నాయనకు నమ్మకం కుదరలేదు. అదే కల్వర్టు మీద ముందు తానే తోలి చూడాల, అప్పుడే బాషాకు ఇయ్యాల అన్నాడు. నాయనకు తోలడం వచ్చు గానీ భయం. తాళం తీసుకొని బయటికొచ్చేసరికి అమ్మ పక్క సీట్లో కూర్చొని ఉంది.

"దిగే."

"దిగను. నువ్వు బిగించినావు, నేను సుట్టినాను. పోతే ఇద్దరమూ పోదాం."

"పిలకాయల గతేమే?"

"దేవుడున్నాడు. తోలు."

వాళ్ళు పోయినారు. నేను మల్లిగాడిని చంకనేసుకొని వీధి మొగదల నిలబడినాను. ఎవరన్నా సైకిలు మీద వేగంగా వస్తే ఏం కబురు తెస్తున్నాడోనని వాని మొగమే చూసేదాన్ని. నాకు ఆ పొద్దు అమ్మ మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఆమె పోయి మహబూబ్ మామకు బాకీ తీర్చుకుంటుంది, మరి మేము? కుక్కలమా? బండి మలుపు తిరిగి కనపడినాక నేను ఎదురు పోలేదు, లోపలికి పోయి రాట్నం ముందు కూర్చొని ఏడ్చినాను. అమ్మ వచ్చి నా తల మీద చెయ్యి పెడితే తోసేసినాను.

ఇప్పుడు మల్లి కారుకు ముందు చక్రాలు చప్పుడు చేస్తే షోరూములో వదిలేసి వస్తాడు. వాడు ఏసీ గదిలో కాఫీ తాగేలోపల అంతా మార్చేస్తారు, ఫోనుకు మెసేజి వస్తుంది. ఏది అరిగింది, ఏది మార్చినారు అని అడిగితే "ఏమోక్కా, ఏదో మార్చినారు" అంటాడు. మంచిదే. వాడి భార్యకు ఆ కారు చక్రాలతో ఏ సంబంధమూ లేదు. ఆ కాలమే బాగుండేదని కొందరు రాస్తారు, ఇంటిల్లిపాదీ కలిసి పని చేసుకునేవాళ్ళమని. కలిసి చేసుకున్న పనిలో తప్పు గూడ ఇంటిల్లిపాదికీ పడుతుంది. ఆ సంగతి ఎవరూ రాయరు.

మరుసటి దినం నాయన, అమ్మ, నేను బండిని ఆదోనికి తీసుకుపోయినాము. దోవ పొడుగునా అమ్మ పెదాలు కదులుతానే ఉన్నాయి. ఆ పొద్దు చెప్పేస్తుందని నాకు తెలిసిపోయింది. చిన్నమ్మ మొగుడు పోయినాక పాటించే ఇద్దత్‌లో ఉంది, పరాయి మగవాళ్ళకు కనపడగూడదు. నాయన బయటనే బాషాకు బండి చూపిస్తా నిలబడిపోయినాడు. మేమిద్దరమే లోపలికి పోయినాము. చిన్నమ్మ తెల్లచీరలో, గాజుల్లేని చేతులు ఒడిలో పెట్టుకొని మంచం మీద కూర్చొని ఉంది. అమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే చిన్నమ్మ అడిగింది.

"ఈసారి నూలు ల్యాదు గదా, అక్కా?"

మహబూబ్ మామ చెప్పినాడన్నమాట. ఆ సాయంత్రమే ఇంటికి పోయి, వదిన నూలు చుట్టి బండిని బాగు చేసిందని నవ్వుకుంటా పెండ్లానికి చెప్పినాడు. చిన్నమ్మకు మొదటి దినం నుంచీ తెలుసు. అమ్మ మీద పడి ఏడ్చినప్పుడు గూడ తెలుసు.

"ల్యాదు" అనింది అమ్మ. దోవంతా కూడబెట్టుకున్న మాటల్లో ఆ ఒక్కటే బయటికొచ్చింది.

"సరే."

అప్పుడే వాళ్ళ పెద్దపాప వంటింట్లోంచి తట్టలో గ్లాసులు పెట్టుకొని వచ్చింది. ఏలకుల వాసన గదంతా నిండింది. చిన్నమ్మ ఆ పాప వైపు చూసి, మెల్లగా అనింది: "లోపల పెట్టుపో తల్లీ. వాళ్ళకు బస్సుకు టైమయింది."

బస్సుకు ఇంకా చానా పొద్దుంది. అమ్మ లేచింది. కొంగుతో మొగం తుడుచుకొని, చిన్నమ్మ కాళ్ళను ముట్టి, బయటికొచ్చింది. బండి తాళం బాషా చేతిలో ఉంది. నాయన గేటు దగ్గర మా కోసం చూస్తా ఉన్నాడు. ముగ్గురమూ బస్టాండు దాకా నడిచినాము. బెంచీ మీద కూర్చున్నాక నాయన, అమ్మ వైపు చూడకుండా అడిగినాడు.

"లోపల సాయ్ ఇచ్చినారా?"

అమ్మ ఎదురుగా ఉన్న గోడను చూస్తా, "ఇచ్చింది. తాగినాము. బాగ తీపి ఏసింది" అనింది.

నాయన రెండు చేతుల్లో మొగం దాచుకొని, భుజాలు కదిలిపోయేట్లు ఏడ్చినాడు. మహబూబ్ మామ పోయినాక నాయన అట్లా ఏడ్చింది అదే మొదటిసారి. ఆ రాత్రికి అన్నం గూడ తిన్నాడు. అటు తర్వాత బతికినన్నాళ్ళూ, ఎవరితో మహబూబ్ మామ మాటొచ్చినా, "ఖైరూనమ్మ పెద్ద మనసు. ఆ పొద్దు గూడ మావోళ్ళకు సాయ్ ఇచ్చింది" అని చెప్పుకున్నాడు. అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా లేచి చేతులు కడుక్కునేదానికి బావి దగ్గరికి పోయేది. పోయేముందు ఒకసారి నా వైపు చూసేది.